బండి అద్దానికి వేలాడే శాస్త్రం
(టీకా తాత్పర్య సహితం)

మూలం

ఏ నేలపై నీ శకటము నిలుచునో, ఆ నేల నేలువాని పత్రము నీ యద్దమున కనబడవలెను.

అవతారిక

సియాటిల్ చుట్టుపక్కల బెల్వ్యూ, రెడ్మండ్, బాథెల్ ఊళ్లలో కాపురముంటున్న తెలుగువాళ్లకు జూన్ వచ్చిందంటే మనసు కొండల మీదికి పోతుంది. శనివారం పొద్దున్నే పులిహోర డబ్బాకెత్తి, పిల్లల్ని నిద్రలేపి, బండి తీస్తారు. తీరా కొండ మొదట్లో బండి ఆపాక బోర్డు కనబడుతుంది: పాసు ఉండాలట. ఏ పాసో వెతుకుదామంటే ఫోనుకు సిగ్నల్ ఉండదు. పై సూత్రం అలాంటి బోర్డులన్నిటి సారం. గ్రాంథికం మాత్రం వ్యాఖ్యాత పైత్యం.

ప్రతిపదార్థం

ఏ నేలపై = ఫెడరల్ ప్రభుత్వానిదో, రాష్ట్రానిదో, నగరానిదో తేల్చుకోవలసిన నేలమీద; నీ శకటము = ఏడుగురు పట్టే మినీవ్యాన్ అయినా, పాత కరోలా అయినా (ఇక్కడ రుసుము బండికి, తలకు కాదు); నిలుచునో = పార్కింగ్ చేయబడునో (‘నడుచునో’ అన్న అర్థం చెప్పకూడదు, కారణం శంకకు సమాధానంలో వస్తుంది); ఏలువాని పత్రము = ఆ శాఖవారి పాసు; అద్దమున = ముందు అద్దంలోంచి చదవడానికి వీలుగా; కనబడవలెను = పర్సులో భద్రంగా ఉంది అంటే చాలదు.

వ్యాఖ్య

సూత్రానికి ప్రాణం ‘ఏ నేలపై’ అన్న మాటలో ఉంది. ఎక్కేవాడు కొండ పేరు చూసుకుంటాడు. పాసు మాత్రం కొండ కింది నేల ఎవరిదని అడుగుతుంది.

నార్త్ బెండ్ ఊరి దగ్గర నిలబడితే ఇది కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. ఒక పక్కన రాటిల్‌స్నేక్ లెడ్జ్. పేరులో గిలకపాము ఉన్నా పాసు బెడద లేదు, బండి ఆగేది సియాటిల్ నగర నీటి సరఫరా శాఖవారి చోట. ఇంకో పక్కన మౌంట్ సై. అది రాష్ట్ర సహజ వనరుల శాఖది కాబట్టి డిస్కవర్ పాస్ కావాలి. ఆ ఊరి పక్కగా పోయే ఐ-90 రోడ్డు మీద ఇంకాస్త తూర్పుకు పోతే స్నో లేక్ దారి. అది మౌంట్ బేకర్-స్నోక్వాల్మీ జాతీయ అరణ్యం, అక్కడ నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ పాస్ చెల్లుతుంది. ఒకే రోడ్డు, మూడు కొండలు, మూడు రాజ్యాలు.

ఇక లెక్క. నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ పాస్ రోజుకు 5 డాలర్లు, ఏడాదికి 30. వాషింగ్టన్, ఆరెగన్ అడవుల్లో ఏడోసారి బండి ఆపినప్పటినుంచి లాభం. కానీ అది మౌంట్ రైనియర్ గేటు దగ్గర పనికిరాదు. అది నేషనల్ పార్కు, అడవి శాఖది కాదు. బండికి 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. ఒలింపిక్ పార్కులోనూ అంతే. ఏడాదిలో రెండు పార్కులూ ఒక్కొక్కసారి చూసి, అడవి పాసు కూడా కొంటే మొత్తం 90. ‘అమెరికా ది బ్యూటిఫుల్’ వార్షిక పాస్ అమెరికాలో నివసించేవాళ్లకు 80కే ఆ మూడింటి పనీ చేసి, ఆరు ఫెడరల్ సంస్థల స్థలాల్లో చెల్లుతుంది. అదీ మౌంట్ సై కింద చెల్లదు. రాష్ట్రం వారి వార్షిక డిస్కవర్ పాస్ 2025 అక్టోబరు నుంచి 30 కాస్తా 45 అయింది.

విశేషం

అరవై రెండు నిండిన అత్తమామలు గ్రీన్‌కార్డు మీద వచ్చి కొడుకు దగ్గరే ఉంటే, ఇంట్లో అందరికన్నా పెద్ద లాభసాటి యాత్రికులు వాళ్లే. సీనియర్ పాస్ ఏడాదికి 20, జీవితాంతానికి 80 డాలర్లు. 2017 ఆగస్టు దాకా జీవితకాలపు పాసు 10 డాలర్లకే దొరికేది. బండిలో పెద్దాయన ఉంటే చాలు, పార్కు గేటు దగ్గర మిగతావాళ్లూ ఆయన లెక్కలోనే లోపలికి పోతారు. విజిటర్ వీసా మీద వచ్చిన వియ్యంకుడికి ఈ యోగం లేదు. ఇంట్లో నాలుగో తరగతి చదివే పిల్ల ఉంటే ఆ ఏడాది పాసు ఉచితం. ఆ పిల్ల మాత్రం బండిలో ఉండాలి.

శంక

దేవుడిచ్చిన అడవిలో కాళ్లతో నడవడానికి డబ్బులా?

సమాధానం

2004 నాటి ఫెడరల్ చట్టం కూడా ఈ శంకను ఊహించింది. ఈ తరహా రుసుము పెట్టాలంటే షడంగాలు ఉండాలంది: కట్టిన పార్కింగు, శాశ్వతమైన మరుగుదొడ్డి, చెత్తకుండీ, సమాచార ఫలకం, పిక్నిక్ బల్లలు, భద్రత. ఉత్తినే బండి ఆపినందుకో, ఏ వసతీ వాడకుండా నడిచిపోయినందుకో వసూలు చేయకూడదంది. అరిజోనాలోని మౌంట్ లెమన్ దగ్గర నలుగురు పాదచారులు ఇదే వాదం పట్టుకుని కోర్టుకెక్కారు. 2012లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు వాళ్ల పక్షమే పలికింది. వసూలైన రుసుములో కనీసం 80 శాతం ఆ స్థలానికే ఖర్చు కావాలన్నది ఆ చట్టం సాధారణ నియమం.

పాఠాంతరం

శీతకాలపు ప్రతుల్లో ‘పత్రము’ అన్నచోట ‘మంచు పత్రము’ అని కనిపిస్తుంది. గోల్డ్ క్రీక్ దగ్గర వేసవిలో చెరువు చూడాలంటే ఫారెస్ట్ పాస్. మంచు పడ్డాక అక్కడి స్నో-పార్క్‌లో బండి ఆపాలంటే స్నో-పార్క్ పర్మిట్. నేల ఫెడరల్ వారిదైనా ఈ పర్మిట్ ఇచ్చేది రాష్ట్రం. సూత్రకారుడు ఇక్కడ దొరికిపోయాడని కొందరంటారు.

తాత్పర్యం

ఆ మినీవ్యాన్ సంసారం 80 డాలర్ల పాసూ, 45 డాలర్ల పాసూ రెండూ కొని గూట్లో పెట్టుకుంది. స్నో లేక్ దారి మొదట్లో మొదటిది డాష్‌బోర్డు మీద పెట్టి, బండికి తాళం వేసి నాలుగడుగులు వేసేసరికి చెక్కపెట్టె ఒకటి అడ్డమొచ్చింది. ఆల్పైన్ లేక్స్ వనంలోకి పోవడానికి పర్మిట్. పైసా అక్కర్లేదు, ఎవరికి వారే రాసుకోవాలి. ఇంటాయన పెన్సిల్ తీసుకుని పేరు రాశాడు, మనుషులు అయిదుగురని రాశాడు. ఆ కిందనే సామాను మోసే జంతువులు ఎన్నో రాయమని ఖాళీ. ఆ వనంలో ఒక గుంపుకు మనుషులూ పశువులూ కలిపి పన్నెండు మించకూడదు. వీపున ఒక సంచీ, చేతిలో పులిహోర డబ్బా, భుజాల మీద చిన్నవాడు. ఆయన భార్యవైపు తిరిగాడు.

“ఇక్కడ నన్ను వేయమంటావా?”