చిలుకతో చెలిమి

మాటలాడు ప్రాణులలో మనుష్యుడు ప్రథముడనియు, చిలుక అతని తరువాతిదనియు లోకము తీర్పు చెప్పినది గాని, ఆ తీర్పు చెప్పిన సభలో చిలుక యొక్కటియు లేకుండుటచే దానిని నేను పూర్తిగా అంగీకరింపజాలను. మన కవులు మాత్రము చిలుకకు లోటు చేయలేదు. బాణభట్టు కాదంబరీకథను శూద్రకుని కొలువులో వినిపించినది వైశంపాయనమను చిలుకయే. మండనమిశ్రుని యిల్లెక్కడనని శంకరాచార్యులు అడిగినపుడు, నీళ్లకు వచ్చిన దాసీలు, ఏ వాకిట పంజరములోని ఆడుచిలుకలు ప్రమాణచర్చ సలుపుచుండునో అదియే ఆయన గృహమని గుర్తు చెప్పిరట. మా వీథిలోని ప్లీడరుగారి యింటికిని మేమట్లే వాదములను బట్టి గుర్తు చెప్పుదుము. ఆ యింట చిలుకలు లేవు.

మన ధ్వని కంఠమున పుట్టగా, పక్షిధ్వని శ్వాసనాళము రెండు పాయలుగా చీలుచోట పుట్టును. చిలుక తన దళసరి నాలుకను త్రిప్పి దానిని మన మాటగా మలచుకొనును. ఇంత శ్రమ యెందులకనగా, అది గుంపులో బ్రతుకు పక్షి. తోడివారి కూత నేర్చినదే అక్కడ చుట్టమగును. పంజరమున ఒంటరియైనపుడు ఇంటివారినే గుంపుగా నెంచి వారి కూత నేర్చును. కాఫీ హోటలులో ఒకరు "ఎండలు మండిపోతున్నాయండీ" అనగా, ఎదుటివారు "అవునండీ, మండిపోతున్నాయి" అనుటలో జ్ఞానవినిమయ మేమున్నది? నేను మీ గుంపువాడనే యని చెప్పుకొనుటయే గదా!

అట్లని చిలుకలన్నియు వట్టి వల్లెవేతగాండ్రనుట సాహసము. అమెరికాలో ఐరీన్ పెప్పర్‌బర్గ్ అను విదుషి 1977లో దుకాణమున కొన్న అలెక్స్ అను బూడిదరంగు ఆఫ్రికా చిలుక రంగులకు, ఆకారములకు పేర్లు చెప్పుటయే గాక, వస్తువులను ఆరు వరకు లెక్కించెడిది. 2007లో కన్నుమూయువరకు దానికి పరీక్షలు తప్పలేదు. ప్రశ్నలు విసుగు పుట్టించినపుడు, నేనిక తిరిగి పోయెదనని అది స్పష్టముగా చెప్పెడిదట. అధ్యక్షోపన్యాసములు వినుచు కూర్చుండు మనలో నెందరికి ఆపాటి ధైర్యము కలదు?

పూర్వము నా మిత్రులగు ఒక హెడ్మాస్టరుగారి వరండాలో రామచిలుక యొకటి యుండెడిది. ఆయన ప్రతిదినము ప్రాతఃకాలమున దాని యెదుట కూర్చుండి "రామ రామ" యని పాఠము చెప్పగా, అది పచ్చిమిరపకాయను కాలితో పట్టుకొని, గింజలు ఒలుచుకొని తినుచు, బడిలో చివరి బల్లమీది కుఱ్ఱవానివలె ఆయన ముఖము చూచుచుండెడిది. ఒకనాటి సాయంకాలము నేను గేటు త్రోయగానే, అది కమ్మిమీద ప్రక్కవాటుగా నడచి వచ్చి, ఒంటికంటితో నన్ను పరికించి, అచ్చముగా ఆ యింటి యిల్లాలి గొంతుతో, "వచ్చాడమ్మా మళ్ళీ! పాలు లేవు!" అనెను. హెడ్మాస్టరుగారు క్షణము తడబడి, "అది పాలవాడి మీద నేర్చుకున్న మాటండీ" అనిరి. పాలు లేకుండ వచ్చు పాలవాడు ఏ ఊరిలో నుండునని నేనడుగలేదు. ఆ పూట కాఫీ మాత్రము మునుపెన్నడు నెరుగనంత చిక్కగా వచ్చినది.

అమరుకుడు వర్ణించిన ముగ్ధ, రాత్రి తాను భర్తతో ఆడిన మాటలను చిలుక పెద్దల యెదుట వల్లించుచుండగా, సిగ్గుతో తన కర్ణభూషణములోని మాణిక్యమును దానిమ్మగింజయను మిషతో దాని ముక్కున క్రుక్కినదట. విన్నదానిని విన్నట్లు చెప్పుట చిలుక ధర్మము. విన్నదానిలో సగము మ్రింగి, మిగిలిన సగమును పాలవానిమీద పెట్టుట స్నేహధర్మము. సత్యసంధులు మొదటిదానినే మెచ్చుదురు గాక, నేను రెండవదాని గుమ్మమునకే పోవుదును.

పక్షిని బంధించుట పాపమని మన పెద్దలెరుగనిది కాదు. రామదాసు గోలకొండ చెరలో మ్రగ్గుటకు, పూర్వజన్మమున చిలుకను పంజరమున నుంచుటయే కారణమని భక్తులు చెప్పుకొందురు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పుణ్యమా యని, ఇప్పుడు చెరసాలకు మరుజన్మము దాక ఆగవలసిన పని లేదు. కావున చిలుకలను జామచెట్లకు వదలి, వరండాలలో స్నేహితులను కూర్చుండబెట్టుకొనుడని నా మనవి. వారును చెప్పినదే చెప్పుదురు, పెట్టినదెల్ల తిందురు, వేళకు పొమ్మన్నను పోరు. అయినను నలుగురిలో ఏ మాట మ్రింగవలయునో వారికి తెలియును. అందులకు మాణిక్యములు ఖర్చు చేయనక్కరలేదు.