రాక్షసులకేనా మా యాస?

రాక్షసుల్ని నరికే టాంజిరోకు తెలుగు వచ్చేసింది. 2025 సెప్టెంబర్ 12న జపాన్ బొమ్మల సినిమా (అనిమే) ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్’ మన థియేటర్లలో తెలుగులో దిగినప్పటి నుంచీ ఈ సంబరం ఆగట్లేదు. సోనీ వారి అనిమే యాప్ క్రంచీరోల్‌లోనూ తెలుగు వినిపిస్తోంది. జపాన్ వచ్చి మన ముంగిట్లో కూర్చుందని మార్కెటింగ్ మహాశయుల ఉవాచ. కూర్చోనీ, ఎవరొద్దన్నారు? ఎవరి ముంగిట్లో అన్నదే పేచీ. టాంజిరో కొండ మీద బొగ్గులు కాల్చి అమ్ముకునే ఇంటి పెద్దకొడుకు. అతని జతగాడు ఇనోసుకే అడవిపంది పెంచిన బిడ్డ. ఇలాంటివాళ్లను కూడా కృష్ణా కాలవలో కడిగి, ఇస్త్రీ చేసి, వార్తలు చదివే బల్ల ముందు కూర్చోబెట్టగల శక్తి మన డబ్బింగ్ తెలుగుకుంది. ‘నిన్ను ప్రాణాలతో విడిచిపెట్టను’ అంటూ ఊగిపోయే ఆ భాషను హిందూపురం నుంచి ఇచ్ఛాపురం దాకా ఏ ఇంట్లోనూ ఎవరూ మాట్లాడరు. మాట్లాడితే జ్వరమేమోనని నుదురు తాకి చూస్తారు.

అనిమేను ఇంగ్లీషు చేసేటప్పుడు అమెరికా వాళ్లు చేసిన అఘాయిత్యాలు తెలిసినవే. 1985లో ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు సీరియళ్లను కలిపి కుట్టి ‘రోబోటెక్’ అన్నారు. ‘పోకెమాన్’లో అన్నం ముద్దను కళ్లముందు పెట్టి జెల్లీ డోనట్ అన్నారు. ‘వన్ పీస్’లో సాంజీ నోట్లో సిగరెట్ పీకి లాలీపాప్ పెట్టారు. మనమంతా విరగబడి నవ్వాం. కానీ ఒక్కచోట వాళ్లే నయం. ‘అజుమాంగా డైఓ’లో ఒసాకా నుంచి వచ్చిన పిల్లకు ఇంగ్లీషులో తమ దక్షిణాది యాస పెట్టారు. అది అతికిందా లేదా అన్నది వేరే తగాదా. రాజధాని మాట రాని మనిషి కూడా కథలో ఉండొచ్చనీ, ఆమె బడికి పోయే మామూలు పిల్లేననీ ఒప్పుకున్నారు. అదే పిల్ల మన తెరమీదికి వస్తే రెండే దారులు: యాసైనా ఊడబెరుకుతారు, చేతికి వేటకొడవలైనా ఇస్తారు.

ఆ వేటకొడవలి దగ్గర కాసేపు ఆగాలి. 1997లో ‘ప్రేమించుకుందాం రా’లో జయప్రకాశ్ రెడ్డి మా రాయలసీమ యాస పలికిన తీరు అద్భుతం. అది ఆయన పుట్టిన నేల మాట. పరిశ్రమ మాత్రం అందులో మనిషిని వదిలేసి బాంబును పట్టుకుంది. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’. ఈ వరసలో ఒక వైద్య విచిత్రం ఉంది. హీరో సీమలోనే పుడతాడు, సీమ నీళ్లే (ఉంటే) తాగుతాడు, పక్కూరి విలన్‌తో తాతల నాటి పగ కూడా ఉంటుంది. అయినా యాస విలన్‌కే అంటుకుంటుంది. హీరో తల్లికి సోకదు. హీరోయిన్‌కు అసలే సోకదు. పక్కనున్న కమెడియన్‌కు కాస్త తగిలి తగ్గిపోతుంది.

తర్వాత కాలం మారిందన్నారు. 2018లో ‘అరవింద సమేత’లో ఎన్టీఆర్ హీరోగా సీమ యాస మాట్లాడాడు. బాగుంది, కానీ చేతిలో కత్తి. 2021లో ‘పుష్ప’ చిత్తూరు మాటతో దేశమంతా తిరిగాడు. అతనేమో ఎర్రచందనం దొంగ. మా యాసకు ప్రమోషన్ వచ్చింది, డ్యూటీ మారలేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని అనంతపురం జిల్లాలో వేరుశనగ ఎండిపోతే బెంగళూరు బస్సెక్కే తండ్రి, బడిలో టీచరమ్మ, ప్రేమలేఖ రాసే కుర్రాడు ఏ భాషలో మాట్లాడతారని ఈ సినిమావాళ్ల ఉద్దేశం? సింగమనేని నారాయణ, చిలుకూరి దేవపుత్ర, శాంతినారాయణ కథల్లో అనంతపురం మనుషులు ఏడ్చారు, నవ్వారు, అప్పులు తీర్చారు, తీర్చలేకపోయారు. బండి నారాయణస్వామి ‘శప్తభూమి’కి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఇంత జరిగినా మా మాట వినపడగానే తలలు తెగుతాయని ప్రేక్షకుణ్ణి తయారుచేశారు. దీన్ని తెలియనితనం అనడానికి లేదు. ఇది పాతికేళ్లకు పైగా డబ్బు చేసుకుంటున్న అవమానం.

అందరికీ అర్థం కావొద్దా అంటారు. చిత్తూరు మాట ఉత్తరాంధ్రలో అర్థమైంది. తెలంగాణ యాస పలికిన ‘ఫిదా’, ‘బలగం’ గోదావరి జిల్లాల్లోనూ ఆడాయి. అసలు డబ్బింగే వద్దు, జపాన్ గొంతే విని కింద అక్షరాలు చదువుకోమనే శుద్ధవాదులు మరికొందరు. చదువురాని అవ్వకూ, అక్షరాలు కూడబలుక్కునే పిల్లకూ ఆ మాట చెప్పి చూడండి. డబ్బింగ్ ఉండాల్సిందే. ఖర్చు సంగతంటారా, ‘లయన్ కింగ్’కు నాని, ‘ముఫాసా’కు మహేశ్ బాబు, ‘అవెంజర్స్’లో థానోస్‌కు రానా గొంతులు దొరికాయి. మాటలు రాయడానికి సీమ రచయిత దొరకడా? తెలుగు ‘ఆర్ఆర్ఆర్’ను 2022లో నెట్‌ఫ్లిక్స్ ప్రపంచానికి హిందీలో చూపిస్తే, విదేశీయులు దాన్ని బాలీవుడ్ అంటే, మన ఉనికే పోయిందని గోల పెట్టాం. పెట్టాల్సిందే. అయితే హైదరాబాద్‌కు ముంబై చేసిందే సీమకు హైదరాబాద్ చేస్తోంది.

‘ఇన్ఫినిటీ కాజిల్’ మూడు భాగాల కథ, ఇంకా రెండు రావాలి. నిర్మాతలకు, పంపిణీదారులకు ఒక్క మనవి. ఈసారి టాంజిరో మాటలు అనంతపురంలో రాయించండి. చెల్లెల్ని తలచుకుని వాడు ‘యాడుండావు పాపా’ అని అరవనీ, ఎవరికి కన్నీళ్లు రావో చూద్దాం. ఆ ఇస్త్రీ తెలుగును పారేయక్కర్లేదు. సూటు, టోపీ వేసుకుని టోక్యో వీధుల్లో పెద్దమనిషిలా తిరిగే రాక్షసరాజు ముజాన్‌కు ఇవ్వండి. అతనికి సరిగ్గా సరిపోతుంది.