వంక దాకా: ఒక వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "వాన నిలిచింది గదా, వంక దాకా పోయొద్దాం రాండి. పాత నోటుబుక్కులో రెండు కాగితాలు చించుకోండి."

అవతారిక: చిత్తూరు జిల్లా బంగారుపాళ్యంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ వానాకాలపు సాయంత్రాల్లో వసారాల్లో పుట్టే వాక్యమిది. కర్త ఎవరో తెలియదు. ఇంట్లో పెద్ద పిల్లోడు అన్నాడని కొందరు, సెలవులకొచ్చిన చిన్నాయన అన్నాడని కొందరు చెబుతారు. ఎవరిదైనా కావచ్చు గనుక అపౌరుషేయమని ఒప్పుకోవడమే క్షేమం. కాలం గురించి మాత్రం తగవు లేదు. చిత్తూరు సీమకు నైరుతి వానలు కొంత, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలు కొంత పడతాయి కాబట్టి ఈ వాక్యం ఏటా రెండు విడతలుగా వినిపిస్తుంది. చిత్తూరు నుంచి పలమనేరు మీదుగా ముళబాగిలు వైపు సాగే 69వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే పోతున్నా మూలంలో దాని ఊసు లేదు, వంక ఊసే ఉంది. కనుక ఈ నడక లారీలకు ఎదురుగా కాదనీ, మామిడితోపుల నడుమ బండిబాట మీద అనీ గ్రహించాలి.

ప్రతిపదార్థం: వాన = ఇంతసేపూ పిల్లకాయల్ని ఇంట్లో కట్టిపడేసినది; నిలిచింది గదా = చూరు ఇంకా కారుతున్నా సరే నిలిచినట్టే లెక్క, కాదనేవాళ్లుంటే ఇప్పుడే చెప్పాలి; వంక దాకా = వంక గట్టు వరకు, దిగడానికి కాదు (ఇది లోపల వంటింట్లో ఉన్న అమ్మకు వినిపించేలా అన్నమాట); పోయొద్దాం = పోవడమే కాదు, రావడం కూడా ఇందులోనే ఉంది; రాండి = వినేవాడు ఒక్కడే అయినా బహువచనం, ఎందుకంటే పక్కింటివాళ్లు ఎలాగూ వస్తారు; పాత = పోయిన తరగతిది, కనీసం పోయిన నెలది; నోటుబుక్కులో = అక్కదైతే మరీ మంచిది; రెండు కాగితాలు = ఒకటి పడవకు, ఇంకొకటి అది మునిగాక; చించుకోండి = కత్తెర వెతుక్కుంటూ కూర్చోవద్దు.

విశేషం: పదచ్ఛేదం, పదార్థం, విగ్రహం, వాక్యయోజన, ఆక్షేప సమాధానం అని వ్యాఖ్యకు అయిదు లక్షణాలు చెప్పారు పెద్దలు. మొదటి నాలుగూ ఇంతటితో అయిపోయినట్టే. కాళిదాస కావ్యాలకు సంజీవని రాసిన కొలచల మల్లినాథసూరి ఆధారం లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని మాట ఇచ్చి నిలబెట్టుకున్నాడు. ఈ టీక మొదటి షరతుకే కట్టుబడుతుంది. రెండోది పాటిస్తే కాగితం పడవ గురించి రాయడమే కుదరదు.

"రెండు" అనే సంఖ్య దగ్గర ఆగాలి. పైన చెప్పిన అర్థం కాక దీనికి శాస్త్రార్థం ఇంకొకటుంది. పిన్నులు కొట్టిన నోటుబుక్కులో ఏ కాగితమూ ఒంటరిది కాదు. ముందు సగంలోని ప్రతి ఆకుకు వెనక సగంలో ఒక జోడీ ఉంటుంది, రెండూ ఒకే పొడుగు కాగితం. ఒకదాన్ని చించితే రెండోది వదులై, పరీక్షల నాటికి తానే రాలిపోతుంది. కాబట్టి తెలిసినవాళ్లు నడిమి పేజీ దగ్గర తెరిచి, పిన్నుల కాళ్లు గోటితో లేపి, జంటను జంటగానే తీస్తారు. పుస్తకం కొంచెం సన్నబడుతుందే గానీ నేరం బయటపడదు.

"చించుకోండి" అన్న క్రియలోనూ ఒక విద్య ఉంది. పడవకు పొడుగు కాగితం చాలు. కప్పకు, సిరాబుడ్డికి, కత్తిపడవకు నలుచదరం కావాలి. ఒక మూలను ఎదుటి అంచు మీదికి వంచి, మిగిలిన పట్టీని మడిచి, మడత మీద నాలుకతో ఒకసారి తడి రాసి లాగితే అది గీత గీసినట్టు విడిపోతుంది. తడిస్తే కాగితంలోని నార పట్టు వదులుతుంది, అంతే. చిత్తూరు జిల్లా ఏర్పడిన 1911లోనే పుట్టిన జపాను కళాకారుడు అకిరా యోషిజావా ఇదే తడిని వేరే పనికి వాడాడు. దళసరి కాగితాన్ని కాస్త తడిపి, జంతువుల ఒంపుసొంపులు వచ్చేలా మడిచే పద్ధతిని ఆయన తెచ్చాడు. ఈ రోజు మడతల పుస్తకాల్లో కనిపించే చుక్కల గీతలూ బాణం గుర్తులూ చాలామటుకు ఆయన పెట్టిన ఒరవడే. బంగారుపాళ్యం పిల్లలకు ఆ గుర్తులతో పనిలేదు. అక్క చేస్తుంటే పక్కన కూర్చుని చూడడమే ఇక్కడి గురుకులం.

పడవ పుట్టుక: కాగితాన్ని అడ్డంగా సగానికి మడిచి, మడత ఉన్న వైపు రెండు మూలలనూ నడిమికి దించితే పైన గోపురం, కింద రెండు పట్టీలు వస్తాయి. పట్టీలను చెరొక వైపుకు పైకి మడిస్తే టోపీ. పిల్లల్లో సగం మంది ఇక్కడే ఆగి, దాన్ని తలకు పెట్టుకుని, పడవ సంగతి మరిచిపోతారు. మరిచిపోనివాళ్లు టోపీ లోపల రెండు బొటనవేళ్లు పెట్టి అటూ ఇటూ లాగి నలుచదరం చేస్తారు. దాని కింది మూలలను చెరొక వైపు పైకి మడిస్తే త్రికోణం. ఆ త్రికోణాన్ని మళ్లీ అలాగే తెరిస్తే ఇంకొంచెం చిన్న నలుచదరం. ఇప్పుడు దాని పైకొనల్ని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా పక్కలకు లాగాలి. చించని, అంటించని కాగితం నడుమ విచ్చుకుని పడవవుతుంది. తొందరపడితే సరిగ్గా ఇక్కడే, అడుగు మడత కొనలో, చిరుగు పడుతుంది. వంకలో నీళ్లు ముందుగా ఎక్కేది కూడా అక్కడి నుంచే.

ఈ టోపీ అవస్థ కాగితానికే పరిమితం కాదు. నడకలో బావుల మీదికి వంగిన చెట్ల కొమ్మలకు వేలాడే గిజిగాడి గూళ్లను చూస్తే ఈ మాట తెలుస్తుంది. మగపిట్ట గడ్డిపోచలు చీల్చి తెచ్చి, ముడివేసి, అల్లి, గూటిని సగం దాకా తెచ్చి ఆపుతుంది. ఆ సగం గూడు బోర్లించిన టోపీలాగే ఉంటుంది, పక్షిశాస్త్రజ్ఞులు కూడా దాన్ని శిరస్త్రాణమనే పిలుస్తారు. ఆడపిట్ట వచ్చి పరీక్షించి ఒప్పుకుంటేనే కింది గొట్టం పని మొదలు. ఒప్పుకోకపోతే టోపీ టోపీగానే మిగులుతుంది. గిజిగాళ్ల ఈ కాపురాన్ని సలీం అలీ 1930ల మొదట్లోనే గమనించి రాశాడు. ఒక గూట్లో ఆడపిట్ట కుదురుకోగానే మగపిట్ట ఇంకో గూటికి కొబ్బరికాయ కొడుతుందని కూడా ఆయన తేల్చాడు. గాలివాన తర్వాత బాట మీద రాలి ఉండేవి ఎక్కువగా ఆ కాదనిపించుకున్న గూళ్లే. వాటిని ఇంటికి తెచ్చి గోడకు తగిలించుకునే ఆచారం ఉంది, ఎవరికీ నష్టం లేదు.

దారి వర్ణన: తొలి వానలకు, ఆరుద్ర కార్తె ప్రాంతంలో, ఎర్ర ముఖమల్ బొట్టులాంటి ఆరుద్ర పురుగులు మట్టిలోంచి బయటికొస్తాయి. వాటిని అగ్గిపెట్టెలో వేసుకోవాలనే కోరిక శాస్త్రసమ్మతం కాదు. రెండో విడత వానల నాటికి పురుగులు ఉండవు, గట్ల మీద తంగేడు పూసి ఉంటుంది. కానుగ, చింత, వేప ఎప్పుడూ ఉండేవే. తోపుల్లో మాత్రం కాపు వేళ ఒక చిత్రం కనిపిస్తుంది: కొన్ని చెట్ల కాయలన్నీ గోధుమరంగు కాగితం సంచుల్లో దాక్కుని ఉంటాయి. పండుఈగ నుంచి, మచ్చల నుంచి కాపాడడానికి కాయ చిన్నగా ఉన్నప్పుడే రైతులు తొడిగే కవర్లవి. నోట్లోకి పోయే బేనీషాలాంటి రకాలకే ఈ భోగం. గుజ్జు ఫ్యాక్టరీకి పోయే తోతాపురికి ఎండా వానా ఎలా వస్తే అలా అనుభవించడమే. కాగితపు పనుల్లో ఈ ప్రాంతంలో డబ్బు తెచ్చిపెట్టే పని ఇదొక్కటేనేమో. పొట్లాలు కట్టే విద్య కూడా ఒకప్పుడు ఆ కోవలోదే. పేపరును శంఖంలా చుట్టి, కింది కొన మెలిపెట్టి, బొరుగులో చెనిక్కాయలో పోసి, పైన ఒక మడతతో మూసేవాళ్లు. ప్లాస్టిక్ కవరు ఆ వేళ్లకు పని లేకుండా చేసింది.

కాగితం దొరకని రోజుల్లో కొబ్బరాకు ఉండేది. ఈనె తీసిన ఆకుతో బూర, గడియారం, పాము చేసేవాళ్లు, ఇప్పటికీ చేస్తారు. కొబ్బరాకు గడియారం ఎప్పుడూ ఒకే వేళ చూపిస్తుంది. దాన్ని కట్టుకున్నవాడు ఇంటికి ఆలస్యంగా చేరినప్పుడు అదే సాక్ష్యం.

ఆక్షేపం: కాగితం సరస్వతి. కాలు తగిలితే కళ్లకద్దుకునే ఇండ్లలో దాన్ని మడిచి బురదనీళ్లలో వదలడం దోషం కాదా? సమాధానం: కాదు. తొమ్మిది రోజులు పూజించిన వినాయకుణ్ణి చెరువులో కలపడం దోషం కానప్పుడు, ఏడాదంతా చదివిన లెక్కల కాగితాన్ని వంకలో వదలడం అంతకన్నా దోషం కాదు. అయితే ఒక కట్టుబాటు ఉంది. దేవుడి బొమ్మ ఉన్న క్యాలెండరు కాగితం దీనికి పనికిరాదు. నునుపు పూత ఉన్న ఆ కాగితం మిగతావాటికన్నా ఎక్కువసేపు తేలుతుందన్నది నిజమే గానీ, తిరుమల కొండకు ఇంత దగ్గర్లో ఆ వాదన చెల్లదు. పేపరు కాగితం నీళ్లను గుటగుటా తాగేస్తుంది. రాసుకునే కాగితానికి సిరా పాకకుండా జిగురు పట్టించి ఉంటారు గనుక అది కొంత ఓర్చుకుంటుంది. అడుగున కొవ్వొత్తి రుద్దితే ఇంకా ఓర్చుకుంటుంది. మూలకర్త "నోటుబుక్కు" అని ప్రత్యేకించి అనడంలో అనుభవం ఉంది.

రెండో ఆక్షేపం బలమైనది. శాస్త్రానికి విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అని నాలుగు అనుబంధాలుండాలి. ఇక్కడ విషయం కాగితమూ నడకా. అధికారి చెప్పులు దొరికినవాడు, దొరకనివాడు కూడా. సంబంధం స్పష్టమే: నడవకపోతే పడవకు నీళ్లుండవు, పడవ లేకపోతే నడవడానికి సాకుండదు. మరి ప్రయోజనం? పడవ మునుగుతుంది. నడిచినవాళ్లు బయల్దేరిన చోటికే వస్తారు. చేతికి ఏమీ మిగలదు.

దీనికి కొత్తకాలపు టీకాకారులు ఆరోగ్యమని జవాబిస్తారు. షుగరు వచ్చాక డాక్టరు చెప్పగా తెల్లారుజామున బూట్లు తొడుక్కుని, చేతి గడియారంలో అడుగులు లెక్కపెట్టుకునే నడక ఒకటుంది. మీమాంసకుల లెక్కలో అది కామ్యకర్మ, ఫలం కోసం చేసేది. మంచిదే, మానకూడదు. కానీ దానికి ప్రమాణంగా చూపే పదివేల అడుగుల సంఖ్య శ్రుతి కాదు. 1965లో జపానులో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే యంత్రానికి పదివేల అడుగుల మీటరు అని పేరుపెట్టి అమ్మింది, ఆ పేరే తర్వాత విధివాక్యమైంది. మూలంలోని నడకకు ఆ విధి వర్తించదు. వంక ఎన్ని అడుగుల దూరమో ఎవరూ లెక్కపెట్టలేదు, పిల్లలు గంతులేస్తారు గనుక లెక్క కుదరదు కూడా. ఇది ఫలం కోరని కర్మ, ప్రయోజనమన్న అనుబంధం ఇక్కడ ఖాళీగానే ఉంటుంది. ఖాళీగా ఉంచడమే సిద్ధాంతం.

సంప్రదాయ ప్రమాణం: ఇలాంటి నడకను చదువులో భాగం చేసిన చోటు దూరంగా లేదు. తర్వాత చిత్తూరు జిల్లాలో చేరిన మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి రోజూ చాలా దూరం నడిచేవాడు. ఆయన స్థాపించిన ఋషీవ్యాలీ పాఠశాలలో పిల్లలు సాయంత్రం ఒకచోట కూర్చుని మాట్లాడకుండా సూర్యాస్తమయం చూడడం ఒక అలవాటు. దాన్ని అస్తాచల్ అంటారు. 1991లో ఆ లోయను పక్షుల రక్షితప్రాంతంగా ప్రకటించారు. పిట్టల్ని చూడడం నేర్పే సంస్థ కూడా అక్కడుంది. అక్కడి మౌనం బంగారుపాళ్యం పద్ధతిలో లేదు. ఇక్కడ పడవ ఎవరిది ముందుపోయిందన్న కేకలకు తీతువు లేచి అరుస్తుంది, దాని అరుపుకు మిగతావన్నీ లేస్తాయి. ఏ పిట్టలున్నాయో అలా తెలుస్తుంది.

నిషేధం: "పోయొద్దాం" అన్న పదంలో దాగిన హెచ్చరికను తేలిగ్గా తీసుకోకూడదు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు ఈ కొండల్లోకి వచ్చాయి, 1990లో పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. అడవి అంచు పల్లెల్లో మామిడి, అరటి, వరి పొలాల మీదికి అవి దిగడం మామూలు. 2025లో కర్ణాటక నుంచి తెచ్చిన, శిక్షణ పొందిన కుంకీ ఏనుగులకు పలమనేరు దగ్గర ముసలిమడుగులో శిబిరం పెట్టింది ఇందుకే. కాబట్టి మొగిలి కొండల వైపు, మొగిలీశ్వరుడి గుడి దాటి అడవి దారిలో, పొద్దుగూకే వేళ నడక నిషిద్ధం. అప్పుడే విరిగిన కొమ్మ, ఆవిరి పోని పెంట కనిపిస్తే పడవలు అక్కడే వదిలి వెనక్కి రావాలి. ఈ విషయంలో ఏ టీకాకారుడికీ భిన్నాభిప్రాయం లేదు.

తాత్పర్యం: వాన తగ్గింది కాబట్టి, పాత పుస్తకంలోని రెండు కాగితాలతో పడవలు చేసుకుని, వంక గట్టు వరకు నడిచి, వాటిని నీళ్లలో వదిలి, చీకటి పడకముందే ఇంటికి రావాలని భావం.

పాఠభేదాలు: కొన్ని ఇండ్లలో "వంక దాకా" అన్నచోట "చెరువుకట్ట దాకా" అని ఉంది. కదలని నీళ్లలో పడవకు గాలే దిక్కు గనుక ఇది బలహీన పాఠం. "పాత నోటుబుక్కు" బదులు "నాయన డైరీ" అన్న పాఠం ఒకచోట వినబడింది గానీ దాని పర్యవసానాన్నిబట్టి పండితులు దాన్ని ప్రక్షిప్తమని తోసిపుచ్చారు. "రెండు కాగితాలు" అన్నచోట "నాలుగు" అనే పాఠమూ ఉంది. తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఉన్న ఇండ్లలో అదే గ్రాహ్యం.