పెరుగు లేని చలవ

వేసవిలో చలవ చేసేది పెరుగూ మజ్జిగే అని చాలా ఏళ్లు నమ్మాను. అది ఎంత తెలివితక్కువ నమ్మకమో మా పాప వల్ల తెలిసింది. పాపకు పాలు పడవని తేలాక డాక్టరుగారు పెరుగు, మజ్జిగ, నెయ్యి అన్నీ మానిపించమన్నారు. మానిపించాను. వాటి బదులు ఏం పెట్టాలో మాత్రం ఆలోచించలేదు. విజయనగరం ఎండల్లో ఇంటిల్లిపాదీ దోసకాయ ముక్కలు కలిపిన పెరుగన్నం తింటుంటే, ఆ పిల్ల చారన్నంతో లేచిపోయేది. బజారులో డబ్బాల్లో దొరికే, పశువుల పాలు కలవని బాదం పాలు కొన్నాను. నోట పెట్టలేదు. దాని రాత ఇంతే అని సరిపెట్టుకున్నాను. నా చేతకానితనాన్ని పసిదాని రాత మీదకు నెట్టేశాను.

నా కళ్లు తెరిపించింది శ్రీరామనవమి. మా వైపు ఆ రోజు జనమంతా నెల్లిమర్ల దగ్గరి రామతీర్థం దారి పడతారు. ఇంట్లో పానకం, వడపప్పు చేస్తాం. నానిన పెసరపప్పులో సన్నగా తరిగిన కీరా, మామిడి కోరు, పచ్చికొబ్బరి, పచ్చిమిర్చి, ఉప్పు. అందులో చుక్క పాలు లేవు, పొయ్యితో పని లేదు. పాప దోసిలి పట్టి మళ్లీ మళ్లీ పెట్టించుకుంది. ఏటా నా చేత్తో కలిపే ప్రసాదమే అది. పండగ వెళ్లగానే దాన్ని మరిచిపోయి, పిల్లకు తినడానికేమీ లేదని బాధపడిందీ నేనే. ఎండలు ముదిరే వేళకు పెద్దలు మన నోటికి అలవాటు చేసిన తిండిని నేను ఒక్కరోజు నైవేద్యంగానే చూశాను.

అంతటితో బుద్ధి రాలేదు. కీరా ముక్కలకు ముందే ఉప్పు రాసి, ఊరిన నీళ్లు గట్టిగా పిండి తూములో పోస్తుంటే మా అత్తగారు చూశారు. "ఏటమ్మా, ఆ నీళ్లు పారబోసేస్తన్నావేటి? ఎండల్లో ఆ కాయ తినేది నీటికోసమే కదా" అన్నారు. నిజమే. కీరాలో నూటికి 95 పాళ్లు నీరే. ఉప్పు తగిలితే అది బయటికి వస్తుంది. ఇప్పుడు వడ్డించే ముందే ఉప్పు వేస్తాను. ఊరిన నీరు చోడి (రాగి) అంబలిలో పోస్తాను. అంబలికి మజ్జిగ అక్కర్లేదు. రాత్రి కలిపి పులియబెట్టిన చోడిపిండిని కాచి చల్లార్చి, కీరా తురుము, ఉల్లిపాయ, నిమ్మరసం కలిపితే పాప గ్లాసుడు తాగుతుంది.

పెరుగుపచ్చడి లోటు కొబ్బరి పాలు తీర్చాయి. చిక్కగా తీసిన పాలలో కీరా తురుము, అల్లం, పచ్చిమిర్చి వేసి, ఆవాలు, కరివేపాకు తాలింపు చల్లారాక కలిపి, చివర్లో నిమ్మకాయ పిండుతాను. కవిటి, సోంపేట వైపు ఉద్దానం కొబ్బరి తోటల్ని 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కూల్చేసింది. అంత దెబ్బ తిని నిలిచిన ఆ నేల కొబ్బరికాయ చేతికందేంత దూరంలో ఉండగా, ఎక్కడివో డబ్బా బాదం పాలకు డబ్బు పోశాను. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం మరవొద్దు. నీటి ఎద్దడిలో, మండుటెండల్లో కాసిన కీరాలో, దోసకాయలో చేదు పదార్థం పెరగొచ్చు. ఉడికించినా అది పోదు, కడుపులో వికారం, వాంతులు తెస్తుంది. ప్రతి కాయకూ తొడిమ వైపు చిన్న ముక్క కోసి నోట్లో వేసుకుని చూడండి. చేదైతే ఉమ్మేసి, కాయ మొత్తం పారేయండి.

పాలు పడని బిడ్డ ఇంట్లో ఉంటే, మానిపించాల్సినవి డాక్టరు చెబుతారు. పెట్టాల్సినవి మాత్రం ముందు మన పెద్దవాళ్లనే అడగండి. నేను అడగనందుకు నా పిల్ల వేసవులు వృథా అయ్యాయి. మీ పిల్లలకు ఆ నష్టం రానివ్వకండి.