చమన్ తరఫున ఒక విన్నపం

నల్లా నీళ్ల వృథాకు జరిమానా రసీదు రాసే అధికారి గారి దివ్య సముఖమునకు,

హైదరాబాద్ పాతబస్తీలో గౌలిపురా నివాసి, పది గజాల చమన్‌కు, అంటే లాన్‌కు, యజమాని, నమస్కరించి చేసుకునే బహిరంగ విన్నపం.

అయ్యా, బండి కడిగిన నీళ్లు రోడ్డెక్కినందుకు జూబ్లీహిల్స్ వైపు జరిమానా పడిందని 2025 వేసవిలో పేపర్లో చదివి మా గల్లీ అంతా సంబరపడింది. జరిమానా గుట్టలెక్కడం పాతబస్తీ వాళ్లం రోజూ చూసే దృశ్యం కాదు కదా! అంతకు ముందు ఏడాది మార్చిలోనే బెంగళూరు వాళ్లు తాగునీళ్లతో బండి కడిగినా, తోట తడిపినా 5,000 రూపాయలు కట్టాలన్నారు. అక్కడి గాలి ఇక్కడికి వీచడానికి ఎంతసేపు? మీ చూపు బండ్ల మీంచి గడ్డి మీదికి దిగేలోపే నా లెక్క నేనే ఒప్పజెబుదామని ఈ ఉత్తరం.

పాతబస్తీలో లాన్ ఏమిటని నవ్వుతారేమో. నవ్వండి. ఇక్కడ ఇళ్లకు మధ్య ఉండేది ఒకే గోడ. ఇల్లు పోగా మిగిలిన జాగాలో సంపు, సంపు మూత మీద స్కూటర్. అయినా మా వాకిట్లో పది గజాల పచ్చదనం ఉంది. మా అబ్బాయి పెళ్లికి నర్సరీ వాళ్లు చాపల్లా చుట్టి తెచ్చి పరిచిన మెక్సికన్ కార్పెట్ గడ్డి అది. ఫొటోల్లో బ్రహ్మాండంగా వచ్చింది. పెళ్లి మాఘమాసంలో అయింది. వైశాఖం సంగతి నర్సరీ వాళ్లు చెప్పలేదు.

ఇక లెక్క. మే నెల ఎండలో పచ్చగా నిలవాలంటే లాన్‌కు చదరపు మీటరుకు రోజూ ఐదారు లీటర్లు కావాలి. నా పది గజాలకు మూడు బిందెలన్నమాట. అదే 120 గజాల లాన్ అయితే నెలకు 18 వేల లీటర్ల దాకా తాగుతుంది. 2021 జనవరి నుంచి నగరంలో ఇంటికి ఉచితంగా ఇస్తున్నది నెలకు 20 వేల లీటర్లు. గడ్డి తాగగా మిగిలిన 2 వేలతో ఆ ఇంటిల్లిపాదీ స్నానాలు, వంట, బట్టలు అన్నీ కానిచ్చుకోవాలి. ఆధార్ కార్డు లేదన్నమాటే గానీ, అలాంటి ఇంటికి పెద్ద గడ్డే.

పైగా అవి ఎక్కడి నీళ్లు! ఒకప్పుడు ఈ బస్తీ దాహం తీర్చింది మీర్ ఆలం చెరువు. 21 కమాన్ల ఆ కట్ట ఇప్పటికీ చెక్కుచెదరలేదు, నీళ్లే తాగేలా లేవు. 1908 మూసీ వరద ముంచేశాక 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. అవీ చాలక ఇప్పుడు నాగార్జునసాగర్ నుంచి కృష్ణ, ఎల్లంపల్లి నుంచి గోదావరి వస్తున్నాయి. ఎల్లంపల్లి మనకు 180 కిలోమీటర్ల పైమాటే. దారి పొడవునా కరెంటు ఖర్చుపెట్టి ఎత్తిపోసుకున్న గోదావరిని తీసుకెళ్లి మెక్సికన్ కార్పెట్ పాదాల దగ్గర పోయడం నాకూ సబబుగా తోచలేదు. కనుక మీ జరిమానా న్యాయమైనదే. ఈ మాట రాసిచ్చాను కాబట్టి రసీదు పుస్తకం కాసేపు పక్కన పెట్టి మిగతాది చదవండి.

మన వాళ్లు ఎందరో ఉన్న కాలిఫోర్నియాలో కూడా ఇదే గొడవ జరిగింది. 2015 ఏప్రిల్‌లో కరువుకు తాళలేక గవర్నర్ జెర్రీ బ్రౌన్ పట్టణాల్లో నీటి వాడకం 25 శాతం తగ్గించాలన్నారు, 5 కోట్ల చదరపు అడుగుల లాన్లు తీయించి వాటి చోట కరువుకు తట్టుకునే మొక్కలు పెట్టించాలన్నారు. కొందరు ఎండిన గడ్డికి ఆకుపచ్చ రంగు కొట్టించుకుని పరువు దక్కించుకున్నారు. ఆ సలహా మాత్రం నాకు ఇవ్వకండి. పాతబస్తీలో వాకిలికి ఆకుపచ్చ రంగు కొడితే మీకంటే ముందు ఎన్నికల అధికారులు దిగుతారు.

నేను చేసింది వేరు. నల్లా పైపు చుట్టి అటక మీద పడేశాను. బియ్యం కడిగిన నీళ్లు, ఆకుకూర కడిగిన నీళ్లు, ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లు ఒక డ్రమ్ములో పోగుచేసి, తెల్లవారకముందే చెంబుతో చల్లుతున్నాం. గడ్డి కత్తిరించడం కూడా ఆపేశాం. పొడుగ్గా ఉంటే మొదళ్లలో నీడపడి తడి కాసేపు నిలుస్తుంది. అయినా ఆ కార్పెట్ అంచుల నుంచి పసుపుబారి, నడిమధ్యకల్లా గోధుమరంగుకు దిగింది. ఆ ఖాళీల్లోకి గోడవార షాబాద్ బండల సందులోంచి గరిక వచ్చింది. ఎవరూ పిలవలేదు, ఎవరూ డబ్బు పెట్టలేదు. తీగ సాగిన చోటల్లా గణుపు గణుపుకూ వేరు దించుకుంటూ పోతోంది. ఆర్వో నీళ్ల ఉప్పదనం దానికి లెక్కలేదు. ఆ నీళ్లూ ఆగిపోతే పైన ఎండిపోయి పడుకుంటుంది, తొలకరి పడగానే లేస్తుంది. వినాయక చవితి పత్రికీ ఇబ్బంది లేదు. మా ఆవిడ మాత్రం అది పెళ్లి ఫొటోలోని చమన్‌లా లేదని పేచీ పెడుతోంది. అందుకు మీరు బాధ్యులు కారు.

కాబట్టి నా గడ్డి పచ్చగా కనబడితే రసీదు రాయకండి, మా డ్రమ్ము చూడండి. అయితే నా అసలు విన్నపం ఇది కాదు. చాంద్రాయణగుట్ట దాటి శంషాబాద్ దారి పట్టండి, వలీమాలకూ రిసెప్షన్లకూ ఎకరాల లాన్లు పరుచుకున్న ఫంక్షన్ హాళ్లు కనిపిస్తాయి. సర్కారు బంగళాల్లో, ఆఫీసుల్లో, బోర్డు పెట్టి మరీ నడవొద్దనే లాన్లు ఉన్నాయి. ఒక ఎకరం ఎండాకాలంలో రోజుకు 20 వేల లీటర్లు తాగుతుంది, మా ఇంటికి నెల రోజుల కోటా అది. ఆ నీళ్లు బోరువో, ట్యాంకరువో, శుద్ధి చేసిన మురుగునీళ్లో దారిన పోయేవాడికి తెలియదు. తాగునీళ్లేనని నేను అనడం లేదు. ఏ నీళ్లో చెప్పమంటున్నాను, అంతే.

గడ్డికి పెట్టే నీళ్లు మన ఊళ్లో లేక కాదు. మూసీ వెంట దిగువన, మాకు దగ్గర్లోనే అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల మురుగును శుద్ధి చేయగల కేంద్రం ఉంది. మసీదుల్లో ఐదు పూటలా నమాజుకు ముందు వజూ చేసుకున్న నీళ్లు సబ్బు లేనివే, మోరీలోకి పోతున్నాయి. వాటికో గుంట, చిన్న పైపు ఉంటే పక్కనున్న చెట్టూ చేమా బతుకుతాయి.

అందుకని అయ్యా, 120 గజాలు దాటిన ప్రతి లాన్ గేటుకూ ‘ఈ చమన్ తాగేది ఫలానా నీళ్లు, రోజుకు ఇన్ని లీటర్లు’ అని తెలుగులో, ఉర్దూలో ఒక బోర్డు కట్టించండి. మొదటి బోర్డు సర్కారు లాన్‌కే కట్టించండి. అది చదివాక మా వాకిట్లోకి రసీదు పుస్తకంతో రండి, డబ్బు చేతిలో పట్టుకునే ఉంటాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక నల్లా కనెక్షన్‌దారుడు, గౌలిపురా