స్వీడన్ బాబాయి గారు

కోనసీమలో కువైట్ పిన్నులు, దుబాయ్ బావలు, డల్లాస్ వదినలు ఏనాటి నుంచో ఉన్నారు. ఈమధ్య కొత్తగా దిగిన రకం స్వీడన్ బాబాయి గారు. పోల్చుకోవడం తేలిక. సంక్రాంతి నెల్లో తెల్లవారుతూనే అమలాపురం గడియారస్తంభం దగ్గర టీకొట్టుకి వస్తారు. నెత్తిన మంకీ క్యాప్, మెడకి మఫ్లరు, ఒంటిమీద కొడుకు కొనిపెట్టిన ఉబ్బు కోటు. రెండు చేతులా టీగ్లాసు పట్టుకుని వణుకుతూ, "ఇదీ ఒక చలేనటండీ! మేం మైనస్ పదిహేనులో తిరిగొచ్చాం, ఆయ్!" అంటారు.

మరి వణుకుతున్నారేంటండి అని అడిగామో, చచ్చామే. అరగంట కదలనివ్వరు. అక్కడ చలి వీధిలోనే ఉంటుందట, గుమ్మం దాటి రాదట. కిటికీకి రెండు మూడు పొరల అద్దాలు, గోడవారన వేడినీళ్లు తిరిగే ఇనప పలకలు. లోపల ఇరవయ్యొక్క డిగ్రీలు. బనీనుతో తిరిగేవారట. మన పెంకుటింట్లో చలి సొంత మేనమామలా లోపలికొచ్చి మంచమెక్కి కూచుంటుంది. నిజానికి ఇందులో ఆయన కోతలేమీ లేవు.

తెలివైనవాళ్లు స్టాక్‌హోమ్‌కి జూన్‌లో వెళ్తారు. బాబాయి గారూ పిన్ని గారూ వెళ్లింది నవంబరులో. కోడలి పురుడు ఎండా వానా చూసుకుని రాదు కదా. మొదటి పురుడు పుట్టింటివాళ్లది కాదుటండీ అంటే, షెంగెన్ వీసా మీద ఏ నూట ఎనభై రోజుల్లోనైనా తొంభై రోజులే ఉండనిస్తారు. అమెరికాలో లాగ ఆర్నెల్లు పాతుకుపోవడం కుదరదు. అంచేత వియ్యంకులు ముందు మూడు నెలలు కాపలా కాసొచ్చారు. తర్వాత వంతు వీళ్లది. పురిటికి షిఫ్టు డ్యూటీ వచ్చిన కాలం ఇది.

పాల సరుకు బయటినుంచి యూరప్‌లోకి తేనివ్వరని కొడుకు ముందే చెప్పాడు. నెయ్యి డబ్బా ఇంట్లోనే వదిలేసినప్పుడు పిన్ని గారు పడిన బాధ అంతా ఇంతా కాదు. ఆత్రేయపురం పూతరేకుల్లో ఉన్న నెయ్యి సంగతి ఎయిర్‌పోర్టులో ఎవరూ అడగలేదు, వీళ్లూ చెప్పలేదు.

డిసెంబరులో అక్కడ మధ్యాహ్నం మూడు కొట్టకుండానే సూర్యుడు దిగిపోతాడు. తిన్న చెయ్యి ఆరకముందే సంధ్యదీపం వేళ. మూడింటికి దీపం పెట్టేసిన పిన్ని గారికి రాత్రి తొమ్మిదయ్యేదాకా ఏం చెయ్యాలో తోచేది కాదు. అమలాపురం ఫోను చేద్దామంటే ఇక్కడ నాలుగున్నర గంటలు ముందు, కాసేపటికే అందరూ నిద్రలో. అయితే క్రిస్మస్ నెల కదా, ఎదురు అపార్టుమెంటులో కిటికీ కిటికీకీ దీపాల వరస చూసి ఆవిడ తేల్చేశారు: "వీళ్లకి కార్తీకమాసం మనకంటే ఆలస్యం, అంతే."

ఇంతకీ బాబాయి గారిని కుంగదీసింది చలీ కాదు, చీకటీ కాదు. ఎవరూ ఏమీ అడక్కపోవడం. అమలాపురంలో ఎర్రవంతెన దగ్గర్నుంచి గడియారస్తంభం దాకా నడిస్తే, ఎక్కడికండి, ఎందుకండి, అబ్బాయికి జీతమెంతండి, తోటలో దింపు తీయించేరా అండి అని మనిషికో ప్రశ్న. వాటికి విసుక్కుంటూ అరవయ్యేళ్లు బతికిన మనిషి, కిస్తాలో కొడుకు అపార్టుమెంటులో వారం తిరక్కుండానే ఆ ప్రశ్నలకి మొహం వాచిపోయారు. కిస్తా అంటే ఎరిక్సన్ కంపెనీ వాళ్ల పెద్దాఫీసున్న చోటు. లిఫ్టులో తెలుగు మాట చెవిన పడదని కాదు. ఆ కుర్రాళ్లు కూడా ఫోను చూసుకుంటూ దిగిపోతారు.

పొరుగువాడు మెట్ల మీద తగులుతాడేమోనని తలుపు కన్నంలోంచి చూసి, ఎవరూ లేరని తేలాకే బయటికొస్తామని స్వీడన్ వాళ్లే తమమీద జోకులు వేసుకుంటారు. బాబాయి గారికి ఆ సంగతి తెలీదు. పొద్దున్నే లుంగీ మీద కోటు తొడుక్కుని, ఎవరైనా వస్తే పలకరిద్దామని లిఫ్టు పక్కన నిలబడేవారు. ఆయన నిలబడ్డంతసేపూ ఆ అంతస్తులో ఒక్క తలుపూ తెరుచుకునేది కాదు. గడియ తీసిన చప్పుడు, మళ్లీ వేసిన చప్పుడు మాత్రం వినబడేవి. "పాపం, వాళ్లు ఆఫీసులకి ఎలా వెళ్లేవారో" అని ఇప్పుడు పిన్ని గారు జాలిపడతారు.

బస్టాపులోనూ ఇదే వరస. మనిషికీ మనిషికీ రెండు గజాల ఎడం. ఎడం కనబడితే పూడ్చడం బాబాయి గారి అలవాటు. ఈయన ఒకడుగు వేస్తే వరసంతా ఒకడుగు జరిగేదట. అలా జరిగి జరిగి చివరి మనిషి మంచుకుప్ప ఎక్కేశాడని కొడుకు చెప్తాడు. బాబాయి గారు ఒప్పుకోరు.

స్నేహం కుదిర్చింది పిన్ని గారు, అదీ తగువుతో. అక్కడ అపార్టుమెంటు మొత్తానికీ కలిపి కింద ఒక బట్టలుతికే గది ఉంటుంది. వంతు ముందుగా రాసుకోవాలి. ఆ వంతు వాళ్లకి వేదవాక్కు. పిన్ని గారు పసివాడి గుడ్డలు వేసి వంతు దాటాక పావుగంట ఉండిపోయారు. ఆరబెట్టే మిషను జాలీలో నూగూ తియ్యలేదు. మర్నాడు గోడమీద చీటీ. నోరు విప్పి ఒక్కమాట అనని ఆ జనం చీటీ రాయడంలో మాత్రం ఎవరికీ తీసిపోరు. కొడుకు చదివి, చెవులు ఎర్రబడి, "శుభ్రంగా ఉంచమన్నారమ్మా, అంతే" అన్నాడు.

"ఎవర్రా?"

"పై అంతస్తు పెద్దవాళ్లు అయ్యుంటారు."

మన వైపైతే ఆ చీటీకి జవాబు వీధిలో నిలబడి చెప్పేవారు. పిన్ని గారు సున్నుండలు చుట్టి, స్టీలు పళ్లెంలో పెట్టుకుని పైకెళ్లి బెల్లు కొట్టారు. తలుపు తీసిన పెద్దావిడ పళ్లెం చూసి హడలిపోయిందట. ఇదెందుకు, దీనికి తనెంత ఇవ్వాలి అన్నట్టు నిలబడిపోయిందట. "తినండమ్మా, మినపసున్ని, ఒంటికి బలం" అని తెలుగులోనే చెప్పేసి ఈవిడ దిగొచ్చేశారు.

కొన్నాళ్లు పైనుంచి ఉలుకూ పలుకూ లేదు. డిసెంబరు 13 వాళ్లకి లూసియా పండుగ. ఆ పొద్దున్న ముసలి దంపతులిద్దరూ గుమ్మంలో ప్రత్యక్షం. చేతిలో అదే పళ్లెం, తళతళా తోమి, నిండా కుంకుమపువ్వు వేసి కాల్చిన పచ్చటి బన్నులతో. పళ్లెం ఖాళీగా తిరిగి పంపకూడదని వాళ్లకెవరు చెప్పారో! దాంతో వాళ్లు పిన్ని గారికి మనవాళ్లైపోయారు. "పైగా బూట్లు గుమ్మంలోనే విప్పేరండి" అని ఇప్పటికీ చెప్తారు.

అప్పట్నుంచి బాబాయి గారికి ఒక మనిషి దొరికాడు. ఆ పెద్దాయన ఈయన బూట్లకి ముళ్లపట్టీలు తగిలించి, మంచుమీద పాదం మొత్తం ఆనించి చిన్న చిన్న అడుగులేయడం నేర్పాడు. గంట నడకలో ఆయన నాలుగు మాటలు, మిగతావన్నీ ఈయన. ఇద్దరికీ సరిపోయింది. దారిపొడుగునా ఆకు లేని చెట్లు చూసి మన కొబ్బరికి పట్టిన తెల్లదోమ లాంటిదే అనుకుని, అంబాజీపేట పరిశోధన స్థానం వాళ్లయితే ఏం చెయ్యమంటారో వచ్చిన ఇంగ్లీషులో వివరించారు. పెద్దాయన ఆసాంతం శ్రద్ధగా విని, "మే నెలలో వస్తాయి" అన్నాడట.

మనవడి విషయంలో మాత్రం యుద్ధమే. అక్కడ పసిపిల్లల్ని కప్పేసి, తోపుడుబండిలో చలిగాలికి బయట నిద్రపుచ్చుతారు. పిన్ని గారు స్నానం చేయించి సాంబ్రాణి వేస్తే పొగ అలారం మోగి అపార్టుమెంటంతా మెట్లమీదికొచ్చింది. పొరుగువాళ్లందర్నీ ఒక్కసారి చూసే భాగ్యం బాబాయి గారికి ఆరోజే కలిగింది. ఇక కొడుకు ఇంట్లో ఉండి బిడ్డని ఆడించడం! తల్లిదండ్రులిద్దరికీ కలిపి 480 రోజుల సెలవు ఇస్తారని టీకొట్టులో చెప్తే, "ఉద్యోగం పోయిందని చెప్పడానికి మొహమాటం కాబోలు" అన్నారు. అప్పట్నుంచి ఆ అంకె ఆయన నోట రాదు. కొండ తొలిచి భూమిలోపల నడిపే రైలు గురించి చెప్పబోయినా ఇంతే. బాలయోగి గారు స్పీకరుగా ఉన్ననాటి కోటిపల్లి-నరసాపురం రైలు కోసం ఇంకా ఎదురుచూస్తున్న ఊళ్లో ఆ కబురు ఎవరికి రుచిస్తుంది?

తిరిగొచ్చిన కొత్తలో, ఫోను చేసి రమ్మని చుట్టాలకి చెప్పి చూశారు. తొందర్లోనే మానుకున్నారు. ఫోను చేసి మరీ వచ్చి రాత్రి భోజనానికి ఉండిపోతున్నారు.

ఇప్పుడు కొత్త చిక్కు. ఆ పెద్దవాళ్లిద్దరూ వచ్చే ఫిబ్రవరిలో కోనసీమ వస్తారట. మీకు ఇబ్బంది లేకపోతే 14వ తేదీ సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా మీ ఇంటికి రావచ్చా అని రాశారు. కబురు తెలిసి వీధంతా కూచుంది. పొద్దున్న పెసరట్లు ఎదురింటివాళ్లవి. మధ్యాహ్నం భోజనం కొత్తపేట మేనత్త గారిది. మర్నాడు అంతర్వేది స్వామి దర్శనం. నాలుగు నుంచి ఆరు అన్న ముక్క మాత్రం ఎవరికీ మింగుడుపడలేదు. "అన్ని వేల మైళ్లొచ్చి రెండు గంటలేంటండి, ఎవరైనా ఏమైనా అన్నారా?" అని రాజోలు వియ్యపురాలి ఫోను.

ఆరింటికి లేస్తే మా ఆవిడ ఊరుకోదని రాయరా అని బాబాయి గారు కొడుక్కి చెప్పారు. వాడు రాశాడు. జవాబొచ్చింది: అయితే ఏడున్నర?

బేరం ఇంకా నడుస్తోంది. రాజోలు వాళ్లు మాత్రం మడతమంచాలు పంపించేశారు.