ముందు సీటు పెద్దమనిషి

స్పితి లోయకు వెళ్లే ప్రతి అద్దె బండిలోనూ డ్రైవరు పక్కన ఒక పెద్దమనిషి ఉంటాడు. బండి ఆయనది కాదు, డ్రైవింగ్ వచ్చి తీరాలన్న నియమమూ లేదు. అయినా సిమ్లా నుంచి మనాలి దాకా బండిని ఆయనే నడుపుతాడు, నోటితో. ఒక చేత్తో తలుపు పైనున్న పిడి పట్టుకుని, మలుపు వచ్చినప్పుడల్లా లేని బ్రేకును కుడికాలితో తొక్కుతుంటాడు. ఆ దారిలో మలుపులకు కొదవ లేదు గనక సాయంత్రానికి కాలు పీకుతుంది.

ఖాబ్ దగ్గర స్పితి నది సట్లెజ్‌లో కలుస్తుంది. ఏది ఏ నదో ఈయన అడక్కుండానే చెబుతాడు, తారుమారుగా. మట్టిగోడల తాబో మఠం క్రీ.శ. 996 నాటిదని వింటే, ‘‘అయినా బాగానే మెయింటెయిన్ చేస్తున్నారు’’ అని మెచ్చుకుంటాడు.

కాజా ఎత్తు సుమారు 3,650 మీటర్లు. ‘‘ఇవాళ పడుకోండి సర్ జీ, నీళ్లు ఎక్కువ తాగండి’’ అంటాడు డ్రైవరు. ఈయన బజారంతా తిరిగొస్తాడు. రాత్రి తల పగిలిపోతుంటే తప్పు పొద్దుటి ఆలూ పరాఠాది. గాలి ఒత్తిడి తగ్గి చిప్స్ ప్యాకెట్ బూరెలా ఉబ్బితే అది కంపెనీ లోపం. పలచటి గాలిని మాత్రం ఒప్పుకోడు. మర్నాడు సుమారు 4,400 మీటర్ల ఎత్తున ఉన్న హిక్కిం పోస్టాఫీసులో తన పేరిట తనే కార్డు రాసుకుంటాడు.

‘‘రేపు తెల్లారకుండానే బయల్దేరాలి’’ అంటే, ‘‘టిఫిన్ చేసి వెళ్దాం’’ అంటాడు. ఎండెక్కేకొద్దీ మంచు కరిగి నాలాలు పొంగుతాయి. పొద్దున చీలమండ లోతున్న నీళ్లు మధ్యాహ్నానికి చక్రాలను ముంచుతాయి. డ్రైవరు ఇదంతా వివరించడు, ఐదింటికే హారన్ కొడతాడు.

సుమారు 4,550 మీటర్ల కుంజుం కనుమ మీద బండ్లు దేవి గుడి చుట్టూ ప్రదక్షిణ చేసి వెళ్లడం ఆనవాయితీ. ‘‘డీజిల్ దండగ’’ అని గొణుగుతాడు పెద్దమనిషి. ఆ తర్వాత బతాల్ వైపు దిగే దారి కిటికీలోంచి కనబడుతుంది. ‘‘ఇంకో చుట్టు తిప్పు బాబూ’’ అంటాడు.

బతాల్ నుంచి చంద్రా నది పక్కన రాళ్ల దారిలో ఆయన నోరు మెదపడు. 2020లో ప్రారంభమైన 9 కిలోమీటర్ల అటల్ సొరంగం దాటగానే మళ్లీ గేర్లు మార్పించడం మొదలుపెడతాడు.

స్పితి వెళ్లేవారు ముందు సీటు ఆయనకే వదిలేయడం మంచిది. వెనక కూర్చోబెడితే వాంతులు చేసుకుంటాడు.